చికెన్‌లో సాల్మొనెల్లా పరీక్ష: కల్చరా, పీసీఆరా, స్ట్రిప్పా?

బెంగళూరు కేఆర్ పురంలో మా చిన్నాన్న కొడుక్కి చికెన్ షాపు ఉంది. ఆదివారం పొద్దున ఆరింటికి కత్తి పట్టుకుంటే మధ్యాహ్నం రెండింటికి గానీ కింద పెట్టడు. ఉగాది మర్నాడు, ఇక్కడి కన్నడవాళ్ల హొసతొడకు రోజున, క్యూ పక్క వీధి దాకా పోతుంది. పోయిన నెల ఒక క్లౌడ్ కిచెన్ వాళ్లు వచ్చి, రోజూ సరుకు తీసుకుంటాం గానీ సాల్మొనెల్లా రిపోర్టు (విరేచనాలు, జ్వరం తెచ్చే ఆ బ్యాక్టీరియా ఉందో లేదో ల్యాబు చెప్పే కాగితం) ఉందా అని అడిగారట. రాత్రి పదింటికి నాకు ఫోన్.

"అక్కా, ఒకడు కల్చర్ అంటాడు, ఇంకొకడు పీసీఆర్ అంటాడు. ఇంకొకాయన పుల్ల ముంచితే పావుగంటలో తెలిసిపోతాదంటాడు. ఏది చేయించేది?"

"కోసినాక నీ దగ్గర కోడి ఎంతసేపు ఉంటుంది?"

"రెండు గంటలు. మించితే మూడు."

"రిపోర్టు ఐదో రోజు వస్తుంది."

అటువైపు కాసేపు మాట లేదు. "అయితే అప్పటికి తినేసి, అరిగించుకుని కూడా ఉంటారు కదక్కా" అన్నాడు.

పదకొండేళ్లుగా ఫుడ్ ల్యాబుల్లో ప్లేట్లు చూస్తున్నాను. ఈ ఒక్క మాట అర్థం చేసుకున్నవాళ్లు డబ్బు వృథా చేసుకోవడం నేను చూడలేదు. షాపులో పచ్చి చికెన్ మీద చేసే పరీక్ష ఆ కోడిని ఆపలేదు. అది వచ్చిన దారి ఎలా ఉందో చెబుతుంది: షెడ్డు, బండి, వేడినీళ్ల డ్రమ్ము, ఈకలు పీకే మెషిన్, నరికే మొద్దు. కల్చర్ అంటే బ్యాక్టీరియాను పెంచి చూడటం, పీసీఆర్ అంటే దాని జన్యువును వెతకడం, పుల్ల అంటే స్ట్రిప్పు. ఏ పద్ధతి కొనాలన్నది ఆ దారిలో మీరు ఎక్కడ నిలబడ్డారన్న దాన్ని బట్టి ఉంటుంది.

## పద్ధతి కంటే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది: పాజిటివ్ వస్తే మీరేం చేస్తారు? జవాబు లేకపోతే పరీక్ష చేయించకండి. ఫైల్లో పెట్టుకోవడానికే అయితే ఏ పద్ధతైనా ఒకటే.

రెండోది, దేని కోసం వెతుకుతున్నారు? చాలామంది "చికెన్ టెస్ట్" అని అడుగుతారు. అలా ఒకే టెస్టు లేదు. సాల్మొనెల్లా పరీక్షకు క్యాంపైలోబాక్టర్ అనే ఇంకో బ్యాక్టీరియా కనపడదు. అది కోడిని ఏమీ చేయకుండా దాని పేగుల్లో హాయిగా బతుకుతుంది, కొన్ని వందల కణాలు చాలు మనిషి విరేచనాలతో మంచం పట్టడానికి. దాన్ని పెంచడానికి ల్యాబులో ఆక్సిజన్‌ను 5 శాతం దగ్గరికి తగ్గించిన గాలి, 41.5 డిగ్రీల ఇంక్యుబేటర్, దాదాపు రెండు రోజుల ఓపిక కావాలి. విడిగా అడగకపోతే ఎవరూ చేయరు. యూరప్‌లో 2018 నుంచి బ్రాయిలర్ కళేబరాల మీద దీనికి గ్రాముకు 1000 బ్యాక్టీరియా అనే హద్దు పెట్టి మరీ చూస్తున్నారు.

మూడోది శాంపిల్. నా మటుకు అసలు కథ ఇక్కడే ఉంది, కానీ దీన్ని గురించి అడిగేవాళ్లు తక్కువ. మీ షాపుకొచ్చే కోళ్లలో పదింట ఒకదానికి సాల్మొనెల్లా అంటుకుని ఉందనుకోండి. ఒక కోడి ముక్క ల్యాబుకు పంపితే, పరీక్ష ఎంత గొప్పదైనా, దొరికే అవకాశం 10 శాతమే. ఐదు కోళ్ల నుంచి విడివిడిగా పంపితే 41 శాతం. పదింటి నుంచి అయితే 65. నూటికి 95 పాళ్లు నమ్మకం కావాలంటే 29 కోళ్లు ముట్టుకోవాలి. ఖరీదైన పీసీఆర్‌తో ఒక ముక్క చూసి "నెగెటివ్" అని గోడకు తగిలించుకున్నవాడి కంటే, మామూలు కల్చర్‌తో పదిహేను కోళ్ల మెడతోలు చూసినవాడికే ఎక్కువ తెలుసు. ఖర్చు తగ్గించే దారీ ఉంది. యూరప్ పద్ధతిలో పదిహేను కోళ్ల మెడతోలు తీసి, మూడేసి కలిపి, 25 గ్రాముల చొప్పున ఐదు శాంపిళ్లు చేస్తారు. డబ్బు ఐదు పరీక్షలకే, చూసింది పదిహేను కోళ్లను. మెడతోలే ఎందుకంటే, కోడిని తలకిందులుగా వేలాడదీస్తే నీళ్లు, మురికి అన్నీ కారి చేరేది అక్కడికే.

శాంపిల్ ప్రయాణం గురించీ ఒక మాట. నేను ఇదివరకు పనిచేసిన ఒక ల్యాబుకు మే నెలలో ఒక కుర్రాడు స్కూటర్ డిక్కీలో, పాలిథిన్ కవర్లో, ఐస్ లేకుండా చికెన్ తెచ్చాడు. సిల్క్‌బోర్డ్ దగ్గర గంటన్నర ఇరుక్కున్నాడట. కవరు అడుగున రక్తం గోరువెచ్చగా ఉంది. మా ఇన్‌చార్జ్ దాన్ని తీసుకున్నాడు, టెస్టు చేశాడు, రిపోర్టూ ఇచ్చాడు. ఆ రిపోర్టులోని బ్యాక్టీరియా లెక్క షాపుదా, సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌దా అని ఇప్పటికీ నాకు అనుమానమే. ఐస్‌ప్యాకులతో చల్లగా, కానీ గడ్డకట్టకుండా, అదే రోజు ల్యాబుకు చేరాలి. గడ్డకడితే క్యాంపైలోబాక్టర్ చాలా మటుకు చచ్చి, లేనిపోని శుభ్రత కనిపిస్తుంది.

## కల్చర్: నిదానం, కానీ నోరు విప్పేది ఇదే

దీని ప్రామాణిక పద్ధతి ఐఎస్ఓ 6579, మన దగ్గర ఐఎస్ 5887 మూడో భాగం. రిపోర్టు మీద పద్ధతి పేరు ఈ రెండింట్లో ఒకటి కనిపించాలి.

25 గ్రాముల చికెన్‌ను 225 మి.లీ. బఫర్డ్ పెప్టోన్ వాటర్‌లో వేసి ఒక రాత్రంతా వెచ్చగా ఉంచుతారు. చల్లదనానికీ క్లోరిన్‌కీ దెబ్బతిన్న బ్యాక్టీరియాకు ఇది జ్వరం తగ్గినవాడికి గంజి పోసినట్టు. లేచి నిలబడ్డాక, మిగతా బ్యాక్టీరియాను అణిచే రెండు రకాల ద్రావణాల్లోకి మారుస్తారు. ఒకటి 41.5 డిగ్రీల్లో, ఇంకొకటి 37లో. మర్నాడు ఎక్స్ఎల్‌డీ అనే ఎర్రటి ప్లేట్ మీద గీస్తారు. ఆ తర్వాత రోజు మూత తీసి చూస్తే, సాల్మొనెల్లా ఉంటే, ఎర్రటి చుక్క మధ్యలో నల్లటి బొట్టు. గురివింద గింజలు చల్లినట్టుంటుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ప్లేట్ చూస్తే ఒళ్లు కాస్త జలదరిస్తుంది. అయితే సిట్రోబాక్టర్, ప్రోటియస్ లాంటివీ నల్లబడి మోసం చేస్తాయి కాబట్టి బయోకెమికల్, సీరం పరీక్షలతో నిర్ధారించాలి. నెగెటివ్ అయితే మూడు నాలుగు రోజులు, పాజిటివ్ ఖాయం చేయాలంటే ఐదు నుంచి ఏడు.

ఇంత ఆలస్యానికి ప్రతిఫలం ఏమిటంటే, చివరికి బతికున్న బ్యాక్టీరియా మీ చేతిలో ఉంటుంది. సాల్మొనెల్లాలో 2,500కు పైగా రకాలున్నాయి. దొరికింది మనుషుల్ని పడేసే ఎంటరైటిడిస్, టైఫిమ్యూరియమా, లేక కోళ్లను చంపి మనుషుల జోలికి పెద్దగా రాని గ్యాలినేరమా అని తేల్చవచ్చు. ఏ యాంటీబయాటిక్‌కి లొంగుతుందో చూడవచ్చు. షాపులో దొరికిందీ ఫారంలో దొరికిందీ ఒకటేనా అని పోల్చవచ్చు. వేరే ఏ పద్ధతి ఎంచుకున్నా, పాజిటివ్ వచ్చిన రోజు మళ్లీ కల్చర్ గడపే తొక్కాలి.

## పీసీఆర్, దాని తమ్ముడు ల్యాంప్

పీసీఆర్ సాల్మొనెల్లా జన్యువు ముక్కను, ఎక్కువగా ఇన్వ్ఏ అనేదాన్ని, పట్టుకుని లక్షల కాపీలు చేసి చూపిస్తుంది. మెషిన్ పని రెండు గంటలే. కానీ ముందు రాత్రంతా ఆ గంజి ద్రావణంలో పెంచాల్సిందే. అంటే నిజమైన సమయం ఒక రోజు చుట్టూ. "రెండు గంటల్లో రిపోర్ట్" అన్నవాడిని, శాంపిల్ ఇచ్చిన క్షణం నుంచి లెక్క చెప్పమనండి.

చచ్చిన బ్యాక్టీరియా జన్యువునూ ఇది పట్టేస్తుందన్న విమర్శ నిజమే. రాత్రంతా పెంచితే బతికున్నవే కోట్లలో అవుతాయి కాబట్టి పచ్చి చికెన్‌లో ఆ గొడవ తక్కువ. పెంచకుండా నేరుగా చేస్తామన్నవాళ్ల దగ్గరే జాగ్రత్త. రక్తం, కొవ్వు ఎక్కువైతే రియాక్షన్ మొరాయిస్తుంది. అందుకే ప్రతి ట్యూబులో అంతర్గత కంట్రోల్ (రియాక్షన్ అసలు సాగిందో లేదో చూపించే తోడు పరీక్ష) పనిచేసిందా అని అడగాలి. అది పనిచేయకపోతే నెగెటివ్‌కి అర్థం లేదు.

రోజూ సరుకు పంపే ప్రాసెసింగ్ యూనిట్లకు పీసీఆర్ సరైన జోడీ. చల్లబరిచిన ప్యాకెట్లను ఒక రోజు ఆపగలరు, నెగెటివ్ వస్తే వదలగలరు. మెషిన్ ధర లక్షల్లో ఉంటుంది, మనిషీ శుభ్రమైన గదీ కావాలి. నెలకు పది శాంపిళ్లవాడు బయట ఇచ్చుకోవడమే మేలు.

ల్యాంప్‌ను 2000లో జపాన్ పరిశోధకులు ప్రకటించారు. పీసీఆర్‌లా వేడి చల్లార్పుల చక్రం లేకుండా 60 నుంచి 65 డిగ్రీల ఒకే వేడిలో పని కానిస్తుంది. పెట్టె చిన్నది, రక్తం, కొవ్వులకు పీసీఆర్ అంత బెదరదు. కానీ ఒక ట్యూబు మూత పొరపాటున తెరిస్తే ఆ కాపీలు గదంతా పరుచుకుని, తర్వాత వారం రోజులు అన్నీ పాజిటివే. అలవాటు లేని చేతులకు నేను ఇవ్వను.

## స్ట్రిప్పులు, ఎలైసా

పావుగంట పుల్ల ఇదే. యాంటీబాడీ సాల్మొనెల్లాను పట్టుకుంటే గీత పడుతుంది. అయితే గీత పడాలంటే మిల్లీలీటరుకు లక్షకు అటూ ఇటూ కణాలు ఉండాలి. చికెన్‌లో ఉండేవి పిడికెడు. కాబట్టి దీనికీ ముందు పెంపకం తప్పదు, ఒకటి రెండు రోజులు. పచ్చి చికెన్ నీళ్లలో ముంచి గీత రాలేదని సంబరపడేవాళ్లను చూశాను. ఆ నెగెటివ్ కంటే నాణెం ఎగరేయడం నయం, దానికి ఖర్చన్నా లేదు.

ఇంకో చిక్కు: పెంచిన ద్రావణం అంటే కోట్ల సాల్మొనెల్లా ఉన్న సీసా. దాన్ని వంటగది పక్క గదిలో చేయకూడదు. ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో బ్యాక్టీరియాను చంపే పాత్ర) లేని చోట ఈ కిట్లు కొనకండి.

ఎలైసా అదే సూత్రం, తొంభై ఆరు గుంటల ప్లేటు మీద. ఒకేసారి బోలెడు శాంపిళ్లు ఉంటేనే గిట్టుబాటు.

## సాల్మొనెల్లా పేరే ఎత్తని చవక పరీక్షలు

ఇవి చాలామంది చూడరు, నాకు మాత్రం ఇష్టం. ఈ.కోలై లెక్క, అది ఉండే ఎంటరోబాక్టీరియేసీ అనే బ్యాక్టీరియా కుటుంబం లెక్క రెండు రోజుల్లోపు వస్తాయి. సాల్మొనెల్లా ఉందా లేదా చెప్పవు, కానీ పేగుల్లోది మాంసానికి ఎంత అంటుకుంటోందో అంకెల్లో చెబుతాయి. "ఉంది, లేదు" అనే జవాబు వారం వారం పోల్చడానికి పనికిరాదు. అంకె పనికొస్తుంది. మంగళవారం పెరిగింది, ఎందుకు? కొత్త కుర్రాడు పేగు చీల్చేస్తున్నాడు.

ఏటీపీ స్వాబ్ మరీ తొందర. జీవకణాల్లో ఉండే ఏటీపీ అనే పదార్థాన్ని మిణుగురు పురుగులో ఉండే ఎంజైమ్‌తో వెలిగించి కొలుస్తుంది. కడిగిన బల్ల మీద రుద్ది చిన్న మెషిన్‌లో పెడితే నిమిషంలోపు అంకె. మాంసం మిగులు, రక్తం మరక, బ్యాక్టీరియా మూడింటినీ కలిపి కొలుస్తుంది కాబట్టి కడగడం సరిగ్గా జరిగిందా అన్న ఒక్క ప్రశ్నకే వాడాలి. చికెన్ మీద రుద్దితే అర్థం లేదు.

| పద్ధతి | శాంపిల్ నుంచి జవాబు దాకా | చేతికొచ్చేది | బలహీనత |
|---|---|---|---|
| కల్చర్ | 3–4 రోజులు, నిర్ధారణకు 5–7 | బతికున్న బ్యాక్టీరియా, రకం, యాంటీబయాటిక్ వివరం | ఆలస్యం |
| పీసీఆర్ | ఒక రోజు చుట్టూ | ఉంది లేదా లేదు | మెషిన్ ఖర్చు, రక్తం, కొవ్వు అడ్డు |
| ల్యాంప్ | ఒక రోజు చుట్టూ | ఉంది లేదా లేదు | గది కలుషితమైతే అన్నీ పాజిటివ్ |
| స్ట్రిప్, ఎలైసా | 1–2 రోజులు | ఉంది లేదా లేదు | లక్ష కణాలు లేనిదే పలకదు |
| ఈ.కోలై లెక్క | 1–2 రోజులు | పోల్చుకోగల అంకె | సాల్మొనెల్లా గురించి మౌనం |
| ఏటీపీ స్వాబ్ | నిమిషంలోపు | కడిగిన తీరు | ఏ బ్యాక్టీరియా పేరూ చెప్పదు |

## ఎవరికి ఏది

కోళ్ల రైతుకు కల్చర్. చింతామణి, కోలార్ వైపు మన తెలుగు రైతులు చాలామంది ఉన్నారు, వాళ్లకు నేను చెప్పేది ఇదే. ఈ దారి మొత్తం మీద ఐదు రోజుల రిపోర్టు సమయానికి అందేది ఒక్క షెడ్డులోనే. బ్యాచ్ నలభై రోజులకు లేస్తుందనుకుంటే, ఇరవై ఎనిమిదో రోజు బూట్లకు తడిపిన గాజుగుడ్డ సాక్స్ తొడుక్కుని షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊక మీద నడవండి. ఆ సాక్సే శాంపిల్. వేల కోళ్ల రెట్ట దాని మీదుంటుంది. పాజిటివ్ వస్తే ఆ బ్యాచ్‌ను ఆ రోజు కోతల్లో ఆఖరున పెట్టమని కొనేవాళ్లకు చెప్పవచ్చు, షెడ్డు కడిగే పద్ధతి మార్చవచ్చు. కోళ్లు చనిపోతుంటే మాత్రం సాక్స్ సంగతి తర్వాత, హెబ్బాళలోని పశు ఆరోగ్య సంస్థకు పోస్టుమార్టానికి పట్టుకెళ్లండి. కోడిపిల్లలు కొనేటప్పుడు తల్లికోళ్లకు పుల్లోరం (కోడిపిల్లల్ని చంపే సాల్మొనెల్లా రకం) టెస్టు జరిగిందా అని హేచరీని అడగండి. రక్తపు చుక్క, రంగు యాంటిజెన్ కలిపి రెండు నిమిషాల్లో చూసే పరీక్ష అది.

షాపుకు: మావాడితో చేయించింది చెబుతాను. పదిహేను మెడతోళ్లు ఐదు శాంపిళ్లుగా, వాటితో పాటు మొద్దు, ఈకల మెషిన్ లోపలి రబ్బరు వేళ్లు, వేడినీళ్ల డ్రమ్ము నుంచి ఒక్కో శాంపిల్. అన్నీ కల్చరే. తోళ్లలో ఒకటి పాజిటివ్, రబ్బరు వేళ్లు పాజిటివ్. వేళ్లు పగిలి, పగుళ్లలో జిడ్డు గట్టిపడి ఉంది. ఎంత కడిగినా లోపలికి నీళ్లు పోవు. ఒక షెడ్డు నుంచి వచ్చిన కోడి ఆ మెషిన్‌లో పడితే, తర్వాత పడే కోళ్లన్నిటికీ ప్రసాదం పంచినట్టే. వేళ్లు మార్చాడు, చెక్క మొద్దు తీసేసి ప్లాస్టిక్ బోర్డు పెట్టాడు. ఇప్పుడు నెలకోసారి ఈ.కోలై లెక్క, మూడు నెలలకోసారి సాల్మొనెల్లా. క్లౌడ్ కిచెన్ వాళ్లకు ఆ పాజిటివ్ రిపోర్టు కూడా చూపించమన్నాను. "పిచ్చా అక్కా నీకు?" అన్నాడు గానీ, చూపించాడు. సరుకు మొదలైంది.

ప్రాసెసింగ్ యూనిట్‌కు పీసీఆర్‌తో వదలడం, పాజిటివ్‌లకు కల్చర్. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ తయారీ లైసెన్స్ షరతుల్లో కనీసం ఆరు నెలలకోసారి పరీక్ష ఉంది. అది సొంత ల్యాబులో గానీ, ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపిచ్చే సంస్థ) గుర్తింపో ఎఫ్ఎస్ఎస్ఏఐ నోటిఫికేషనో ఉన్న ల్యాబులో గానీ జరగాలి. ల్యాబుకు గుర్తింపు ఉంటే చాలదు, ఆ గుర్తింపు స్కోప్‌లో, అంటే ఏయే పరీక్షలకు గుర్తింపు ఉందో చెప్పే జాబితాలో, మాంసంలో సాల్మొనెల్లా అని ఉందో లేదో చూడండి. ఒక చోట నాకు చూపించిన రిపోర్టులో "ఆబ్సెంట్" అని మాత్రమే ఉంది. ఎంత బరువులో? ఒక గ్రాములో లేకపోవడం వేరు, 25 గ్రాముల్లో లేకపోవడం వేరు.

మెస్, కర్రీ పాయింట్ వాళ్లకు సాల్మొనెల్లా పరీక్షే వద్దంటాను. కూర కుతకుత ఉడికితే అది చస్తుంది. మీ శత్రువు క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా. దాని విత్తులు ఉడికినా చావవు, గోరువెచ్చని కూరలో మొలకెత్తి, వాటి నుంచి వచ్చిన బ్యాక్టీరియా పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మారతహళ్లిలో తెలిసినాయన మెస్‌లో మధ్యాహ్నం మూడున్నరకు చికెన్ కూర గిన్నెలో థర్మామీటర్ పెట్టాను. 43 డిగ్రీలు. దానికి అంతకంటే పట్టుపరుపు ఉండదు. ల్యాబుకిచ్చే డబ్బుతో సూది థర్మామీటర్ కొని, వడ్డించేదాకా 60 డిగ్రీల పైన ఉంచండి, మిగిలింది లోతు తక్కువ గిన్నెల్లో పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇంట్లోవాళ్లకు ఏ కిట్టూ అక్కర్లేదు. ముక్క మధ్యలో 74 డిగ్రీలు దాటితే సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్ రెండూ పోతాయి. కూరగాయల కత్తిపీట వేరు, చికెన్‌ది వేరు. మ్యారినేట్ చేసింది ఫ్రిజ్‌లోనే, అడుగు అరలో. ఇక కుళాయి కింద కడగడం: నీళ్లు చింది బ్యాక్టీరియా సింకు చుట్టూ, పక్కనున్న కొత్తిమీర మీద పడుతుంది. పసుపు, ఉప్పు రాస్తే చావదు. ఇదంతా మా అమ్మకు చెప్పాను. "కడగని కోడి నా పొయ్యి ఎక్కదు" అంది. చివరికి కుళాయి కట్టేసి, గిన్నెలో నీళ్లు పోసి, చిందకుండా ముంచి తీసి, ఆ తర్వాత సింకు సబ్బుతో తోమేలా ఒప్పుకుంది. కొత్తిమీర మాత్రం ఇంకా సింకు పక్కనే పెడుతోంది. నేనే వెళ్లి జరుపుతుంటాను.